గోదారి గట్టు మీంచి: రెండు రోజుల్లో తొమ్మిది చోట్లా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గోదావరి ప్రయాణాల గురించే ఉన్నాయి. నేను ధవళేశ్వరంలో పుట్టాను. రాజమండ్రిలో ముప్ఫై రెండేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ రోజూ పొద్దున్నే గట్టు మీద నడిచి వచ్చాకే కాఫీ తాగుతాను. అందుకే ఈ ఉత్తరాలకి జవాబు రాయడమంటే నాకు మా ఇంటికొచ్చే చుట్టాలకి దారి చెప్పినట్టే ఉంటుంది.

*

టీచర్ గారూ, సంక్రాంతి వెళ్లాక మేం ఆరుగురం రెండు రోజులు రాజమండ్రి వస్తున్నాం. పాపికొండలు, పట్టిసీమ, మారేడుమిల్లి, ద్రాక్షారామం, కోరింగ, యానాం, అంతర్వేది, దిండి, కడియం చూడాలని లిస్టు రాసుకున్నాం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఏ వరసలో వెళితే అన్నీ అవుతాయి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

అమ్మా, ఏ వరసలో వెళ్లినా అన్నీ అవవు. మారేడుమిల్లి కొండల్లో ఉంది, అంతర్వేది సముద్రం ఒడ్డున ఉంది. ఆ రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకుంటే మీరు చూసేది కారు కిటికీలోంచి వెనక్కి పోయే కొబ్బరిచెట్లే. లిస్టులోంచి ఏడు కొట్టేయండి. పాపికొండలు ఉంచండి, కడియం ఉంచండి. నేను రాజమండ్రి, ధవళేశ్వరం కలుపుతాను. రెండు రోజులకి అది చాలు.

మొదటి రోజు మొత్తం పాపికొండలకే. గండి పోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కుతారు. రాజమండ్రి నుంచి రోడ్డు మీద గంటకు పైగా పడుతుంది, పొద్దున్నే బయల్దేరాలి. బోటు కదిలాక పై అంతస్తులో పాటలు పెడతారు, డ్యాన్సులు చేయిస్తారు. పిల్లలకి సరదాగానే ఉంటుంది. మీరు మాత్రం మీ అత్తగారిని కింద ముందు వైపు కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే కూర్చోండి. రాజమండ్రి దగ్గర మూడు కిలోమీటర్ల వెడల్పున్న నది అక్కడ రెండు కొండల మధ్య సన్నగా అయిపోతుంది. ఎదురుగా కొండ అడ్డం వచ్చి, ఇక దారి లేదు అనిపిస్తుంది. దగ్గరికి వెళ్లేసరికి పక్కకి తిరిగి మళ్లీ దారి ఇస్తుంది. జుట్టుకి పాపిడి తీసినట్టు నది కొండల్ని విడదీసింది కాబట్టి అవి పాపిడి కొండలు, వాడుకలో పాపికొండలు అయ్యాయని మా వైపు చెప్పుకుంటారు. ఆ మలుపుల దగ్గరైనా ఫోన్ సంచిలో పెట్టి, కళ్లతో చూడండి.

పేరంటాలపల్లిలో ఆపుతారు. శివాలయం, పక్కనే కొండమీంచి దిగే వాగు ఉన్నాయి. రేవు నుంచి పైకి ఎక్కాలి కాబట్టి మీ అత్తగారు బోటులోనే ఉండిపోయినా నష్టం లేదు. అక్కడ కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలు, బొమ్మలు అమ్ముతారు. ధర దగ్గర బేరం ఆడకండి. అడవికి వెళ్లి వెదురు కొట్టి, చీల్చి, ఆరబెట్టి, అల్లిన పని అది.

బోటు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మూడేళ్ల కిందట మా అక్క మనవల్ని తీసుకుని ఒక బోటు ఎక్కాను. చిన్నాడికి ఇచ్చిన లైఫ్ జాకెట్‌కి బకిల్ లేదు, గోనెతాడుతో ముడేసి ఉంది. ఇంకోటి ఇమ్మంటే, ‘ఏం కాదమ్మా, మాకు రోజూ అలవాటే’ అన్నారు. డబ్బులు పోయినా ఫరవాలేదని పిల్లల్ని దింపేసుకున్నాను. ఆ రోజంతా వాళ్లు నాతో మాట్లాడలేదు. అయినా నాకు పశ్చాత్తాపం లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర, వరద ఉండగా వెళ్లిన బోటు తిరగబడి పదుల మంది పోయారు. ఆ వారమంతా ఈ గట్టు మీద మేం ఎలా గడిపామో మాకే తెలుసు. ఆ తర్వాత రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టారు, బోటుకి అనుమతి ఉంటేనే వదులుతున్నారు. అయినా మీ పిల్లల జాకెట్ బకిల్ మీరే నొక్కి చూడండి. నీళ్లు ఎక్కువగా ఉన్నాయని రేవులో ఆపేస్తే వాళ్లతో వాదించకండి, వెనక్కి వచ్చేయండి.

పట్టిసీమ ఎందుకు కొట్టేయమన్నానంటే, వీరభద్రస్వామి గుడి నది మధ్యలో కొండ మీద ఉంది. పడవ దిగాక ఇసకలో నడవాలి, ఆపైన మెట్లున్నాయి. నొప్పులున్న మోకాళ్లతో పెద్దావిడని ఇసకలో నడిపించకండి.

రెండో రోజు తెల్లవారకముందే కోటిలింగాల రేవుకి గానీ పుష్కరాల రేవుకి గానీ వెళ్లండి. పాత హేవలాక్ బ్రిడ్జి మీద తొలి వెలుగు పడడం చూడాలి. అది 1900లో మొదలై, 1997 దాకా మద్రాసు–కలకత్తా రైళ్లని మోసింది. యాభై ఆరు స్పాన్లు. ఇప్పుడు దాని మీద రైళ్లు లేవు. దాని పక్కనే 1997లో వచ్చిన ఆర్చి బ్రిడ్జి, ఇంకాస్త ఎగువన 1974 నాటి రోడ్డు–రైలు బ్రిడ్జి కనబడతాయి. మూడు తరాల పని ఒక్కచోట నిలబడి చూడొచ్చు. టిఫిన్ అయ్యాక కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూడండి. 1881 డిసెంబర్‌లో తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి తిరిగిన గదులు అవి. చిన్న ఇల్లే, అరగంట పడుతుంది. నా స్టూడెంట్స్‌ని ప్రతి ఏడూ తీసుకెళ్లేదాన్ని. మధ్యాహ్నం ధవళేశ్వరం, సాయంత్రం కడియం నర్సరీలు. జనవరిలో అక్కడ బంతి, చామంతి మడులు నిండుగా ఉంటాయి.

*

మేడం, ధవళేశ్వరం బ్యారేజి మీద బస్సులో రెండుసార్లు వెళ్లాను. గేట్లు తప్ప ఏమీ కనబడలేదు. అందరూ చూడాలంటారు. అక్కడ చూడ్డానికి ఏముంది?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

నాయనా, బస్సు దిగాలి. దిగకుండా చూస్తే అది వంతెనే.

నువ్వు చూసిన 175 గేట్ల బ్యారేజి 1982లో పూర్తయింది. దానికి ముందు అక్కడ కాటన్ దొర ఆనకట్ట ఉండేది. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. నది అక్కడ లంకల మధ్య నాలుగు పాయలుగా ఉంటుంది కాబట్టి ఆనకట్ట కూడా నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. అంతకుముందు ఈ జిల్లాలో పక్కన ఇంత నది పారుతున్నా జనం కరువుకి చచ్చిపోయేవాళ్లు. వానాకాలంలో ఊళ్లు ముంచే నీళ్లు ఎండాకాలం కాలవలోకి ఎక్కేవి కావు. నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పైకి లేపి నిలబెట్టడమే ఆనకట్ట చేసిన పని. అలా లేచిన నీళ్లు మూడు వైపులకి వెళ్లాయి: తూర్పు డెల్టా, పశ్చిమ డెల్టా, మధ్య డెల్టా. మధ్య డెల్టా అంటే మీరంతా ఫొటోల్లో చూసే కోనసీమ. డెల్టా ఊళ్లలో సెంటర్‌కొకటి కాటన్ విగ్రహం ఎందుకుందో, గోదావరి స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయన పేరు చెప్పే పంతుళ్లు ఎందుకున్నారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

మొదట కాటన్ మ్యూజియం చూడు. ఆయన ఉన్న బంగళాయే అది. ఆనకట్ట నమూనాలు, పాత ఫొటోలు లోపల ఉంటాయి, ఆరుబయట అప్పటి యంత్రాలు ఉంటాయి. తర్వాత లాకుల దగ్గరికి నడువు. లాకులంటే కాలవలోకి పడవలు దిగడానికి కట్టిన నీటి తలుపులు. రెండు తలుపుల మధ్య పడవని నిలబెట్టి, నీళ్లు పెంచి గానీ తగ్గించి గానీ అవతలి మట్టానికి తెస్తారు. మా నాన్న ఇక్కడ లస్కరుగా, అంటే లాకులు, గేట్లు చూసుకునే పనిలో చేశారు. ఆయన చిన్నప్పుడు ధాన్యం పడవలు వరసగా ఆగి ఉండేవట. గాలి లేనప్పుడు మనుషులు భుజానికి తాడు వేసుకుని గట్టు వెంట పడవని లాక్కుంటూ నడిచేవాళ్లట. ఒకప్పుడు ఈ కాలవలు, బకింగ్‌హాం కాలవ కలుపుకుని కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవ మీదే వెళ్లేవారు.

ఆ తర్వాత గేజీ చూడు. నాకు బ్యారేజి మొత్తంలో అదే ముఖ్యం. గోడ మీద నిలువుగా అడుగుల అంకెలుంటాయి. 11.75 దగ్గర మొదటి హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. మాకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చు. 1986 ఆగస్టులో భద్రాచలంలో నీళ్లు 75.6 అడుగులకు వెళ్లాయని కబురు వచ్చిన రాత్రి మా నాన్న ఇంటికి రాలేదు. మా అమ్మ అన్నం గిన్నె మీద ప్లేటు బోర్లించి గుమ్మంలో కూర్చుంది. అక్కడి నీళ్లు ఇక్కడికి చేరడానికి కొంత టైం పడుతుంది కదా, ఆ టైం అంతా ఊళ్లో ఎవరూ పడుకోలేదు. మూడో రోజు నాన్న వచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద పడి నిద్రపోయారు. చేతుల నిండా గ్రీజు. నువ్వు గేట్లు తప్ప ఏం లేవన్నావు. ఆ గేట్ల వెనకాల మనుషులున్నారు. వెళ్లినప్పుడు డ్యూటీలో ఉన్న లస్కరుతో పది నిమిషాలు మాట్లాడు. ‘ఈ ఏడు ఎంత దాకా వచ్చిందండీ’ అని అడిగితే చాలు.

*

గోదావరి చూడ్డానికి ఏ నెల మంచిది?
– ఓ పాఠకుడు, అనంతపురం

ఏం చూడాలనుకుంటున్నారో దాన్నిబట్టి. బోటు ప్రయాణానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి. ఎర్రనీళ్లతో గట్టు నిండా పారే వరద గోదారిని చూడాలంటే జులై ఆఖరు, ఆగస్టు. అప్పుడు బోట్లు ఉండవు, గట్టు మీద నిలబడి చూడాలి, రెయిలింగ్ దాటకూడదు. పులస చేప కూడా అప్పుడే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుంది. ఏప్రిల్, మే వద్దు. 2027లో పుష్కరాలున్నాయి. పుణ్యం కోసమైతే అప్పుడు రండి, నదిని చూడ్డానికైతే మాత్రం ఆ పన్నెండు రోజులు తప్పించి రండి.

*

మేడం, మేము డాలస్‌లో ఉంటాం. పిల్లలకి పదకొండు, ఎనిమిది ఏళ్లు. మా ఊరు రావులపాలెం దగ్గర. వచ్చిన ప్రతిసారీ గుళ్లు తిప్పుతాం, వాళ్లు విసుక్కుంటారు. ఈసారి ఏం చూపించమంటారు?
– ఓ తల్లి

పిల్లలు గుడికి విసుక్కోరమ్మా, క్యూకి విసుక్కుంటారు. మీ ఊరి పక్కనే ర్యాలి ఉంది, మామూలు రోజు, పండగ కాని రోజు తీసుకెళ్లండి. జగన్మోహినీ కేశవస్వామి గుడిలో ఉన్నది ఒకే నల్లరాయి. ముందు నుంచి చూస్తే విష్ణువు. వెనక్కి వెళితే అదే రాయి మోహిని. పూజారి గారిని అడిగితే దీపం దగ్గరగా పట్టి చూపిస్తారు. కొప్పు ముడి, దాంట్లో పూలు, చీర కుచ్చిళ్లు వరసగా వెలుగులోకి వస్తాయి. పాదాల దగ్గర ఎప్పుడూ తడి ఊరుతూ ఉంటుంది. మీరు ముందే ఏమీ చెప్పకండి. ముందు చూపించి, తర్వాత వెనక్కి తీసుకెళ్లి, ‘ఏం మారింది?’ అని అడగండి.

అక్కడి నుంచి ఆత్రేయపురం దగ్గరే. పూతరేకులు కొనడం కాదు, రేకు తీయడం చూపించండి. కుండని పొయ్యి మీద బోర్లిస్తారు, కింద ఎండు కొబ్బరాకు మంట. బియ్యప్పిండి నీళ్లలా జారుగా కలిపి, దాంట్లో పలచని గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. రెండు సెకన్లలో కుండ మీద తెల్లటి పొర. వేలి కొనలతో లేపితే కాగితంలా వస్తుంది, ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి మొహం కనబడుతుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే అంటుకుపోతుంది. పొద్దుటి నుంచి ఆ సెగలో కూర్చుంటారు ఆడవాళ్లు. మీ పెద్ద పాప చేత ఒక రేకు తీయించమని అడగండి. చిరిగిపోతుంది, ఫరవాలేదు, ఆ ముక్కలే రుచి.

ఇంకో రోజు కాకినాడ వైపు కోరింగ. గోదారి సముద్రంలో కలిసే చోట పెరిగిన మడ అడవి అది. చెట్ల మధ్య చెక్కల వంతెన వేశారు, ఎంతసేపైనా నడవొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆటు సమయంలో, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీసినప్పుడు వెళ్లండి. పోటు మీద వెళితే నీళ్లే కనబడతాయి. ఆటులో బురద బయటపడుతుంది. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి లేచి ఉంటాయి. ఆ ఉప్పు బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. పీతలు, బురద మీద గెంతే చిన్న చేపలు కూడా కనబడతాయి. దోమల మందు రాసుకోండి, పొడుగు ప్యాంట్లు వేయండి.

ద్రాక్షారామం ఒక్కటి మాత్రం మానకండి. శివలింగం రెండు అంతస్తుల్లో ఉంటుంది. పైకి ఎక్కి అభిషేకం చూస్తారు, కిందికి దిగి అదే లింగం మొదలు చూస్తారు. స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. అక్షరం ఒక్కటీ చదవలేకపోయినా వేలితో తాకకుండా దగ్గరగా చూడమనండి. వెయ్యేళ్ల నాటి తెలుగు వాళ్ల చేతిరాత అది.

*

టీచర్ గారూ, మా అమ్మది దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డు పల్లె. పోలవరం ముంపులో పోయింది. ఇప్పుడు గోకవరం వైపు కాలనీలో ఇల్లు ఇచ్చారు, అమ్మ అక్కడే ఉంటోంది. పాపికొండల బోటు ఎక్కితే మన ఊరు మీదుగానే వెళుతుందటగా, తీసుకెళ్లు అని అడుగుతోంది. అందరూ పిక్నిక్‌కి వచ్చే బోటులో అమ్మ ఏడుస్తుందేమోనని నాకు టెన్షన్. తీసుకెళ్లడం మంచిదేనా?
– ఓ కొడుకు, బెంగళూరు

తమ్ముడూ, తీసుకెళ్లు. ఏడిస్తే ఏడవనీ. కాలనీలో నాలుగు గోడల మధ్య ఒక్కతే ఏడ్చే కంటే కొడుకు పక్కన కూర్చుని, తన నది మీద ఏడవడం మేలు.

నాకు తెలిసి చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయిది మీ వైపే. పోలవరం పనుల కోసం నదికి అడ్డంగా తాత్కాలిక కట్ట, అదే కాఫర్ డ్యాం, కట్టాక వరద వెనక్కి తన్ని ఏటా ఇళ్లలోకి నీళ్లు వచ్చేవి, చివరికి ఊరంతా ఖాళీ చేశారు. కిందటేడాది డిసెంబర్‌లో ఆ అమ్మాయి వాళ్లమ్మని తీసుకెళ్తూ నన్నూ రమ్మంది. బోటులో నూట యాభై మంది దాకా ఉన్నారు, పైన పాటలు. దేవీపట్నం దాటుతుంటే ఆ తల్లి లేచి రెయిలింగ్ పట్టుకుంది. ఏడవలేదు. నీళ్లలోకి వేలు చూపిస్తూ వరసగా చెప్పడం మొదలుపెట్టింది: ఇక్కడ రామాలయం, దాని పక్కన చింతచెట్టు, తర్వాత మా మరిది వాళ్ల దొడ్డి, అదిగో ఆ కొండ కింద మా పొగాకు చేను. నీళ్లు తప్ప నాకేమీ కనబడలేదు. ఆవిడకి మాత్రం ఇల్లిల్లూ కనబడుతోంది. మా పక్కన కూర్చున్న భీమవరం అబ్బాయి ఒకడు లేచి పైకి వెళ్లి, పాటలు కాసేపు ఆపమని చెప్పి వచ్చాడు. ఎవరూ విసుక్కోలేదు.

కొన్ని జాగ్రత్తలు తీసుకో. వారం మధ్యలో వెళ్లు, శని ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. ముందు రోజే బోటు నడిపే సరంగుతో మాట్లాడి, అమ్మ ఊరి పేరు చెప్పు. అక్కడికి రాగానే వేగం తగ్గించమని అడుగు. సరంగుల్లో ఆ ఊళ్ల వాళ్లే చాలామంది, అర్థం చేసుకుంటారు. నీటిమట్టం అన్ని నెలలూ ఒకేలా ఉండదు. గోడలు, చెట్ల మొదళ్లు ఏమైనా తేలి కనబడుతున్నాయా అని కూడా వాళ్లనే అడుగు. ఏమీ కనబడకపోతే ఆ మాట అమ్మకి బయల్దేరే ముందే చెప్పు, అక్కడికెళ్లాక తెలియనివ్వకు.

బోటు ఎక్కే ముందు గండి పోచమ్మ గుడిలో కాసేపు కూర్చోండి. వరదల్లో ఆ గుడి కూడా మునుగుతుంది, అమ్మవారు రోజుల తరబడి నీళ్లలోనే ఉంటుంది. నీళ్లు తీశాక బురద కడిగి మళ్లీ పూజ మొదలుపెడతారు. మీ అమ్మ ఆ గుడికి చిన్నప్పటి నుంచి వచ్చి ఉంటుంది. పసుపు, కుంకుమ, రవికెగుడ్డ తెచ్చుకుంటానంటే తెచ్చుకోనివ్వు. గోదారిలో కలుపుతానంటే కలపనివ్వు.

ఒక నోటుబుక్కు కూడా తీసుకెళ్లు. వీడియో తీస్తే తియ్యి గానీ, రాసుకోవడం మానకు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, నీళ్లకి వెళ్లే దారికి ఏ పేరు, ఏ చెట్టు ఎవరు నాటారు, రేవులో బట్టలుతికే రాయి ఎక్కడ, అన్నీ అమ్మ చెప్పిన మాటల్లోనే రాయి. ఆ ఊరి మ్యాపు ఇప్పుడు అలాంటి వాళ్ల నోట్లోనే ఉంది. రాశాక వీలైతే ఒక కాపీ నాకు పంపు, దాచిపెడతాను.

పైకి వెళ్లేటప్పుడు దేవీపట్నం మీకు కుడిచేతి వైపు వస్తుంది, అమ్మని అటువైపు కూర్చోబెట్టు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే ఒడ్డు ఎడమ చేతికి వస్తుంది. అప్పుడు సీటు మార్చడం మర్చిపోకు.